పది పుల్లల నక్షత్రం

బెడ్‌పాన్‌ను కుళాయి కింద వంచి పట్టి, ధారను అంచుల వెంట తిప్పుతూ, బెంగమ్మ చూడనట్టే అంతా చూసింది. నల్లగా లేదు. నల్లగా ఉంటే లోపలెక్కడో నెత్తురు కారుతున్నట్టు. అమ్మయ్య అనుకోబోయి, అనుకుంటే దానికే దిష్టి తగులుతుందేమోనని నాలిక కరుచుకుంది.

మనిషి పొట్టి. నడుము కాస్త ముందుకు వంచి, ఎక్కడో ఏదో జారిపడుతుంటే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు నడుస్తుంది. మందునీళ్లకు నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో తలుపు సందున నలిగి, నల్లబడి, మొద్దులా పెరిగింది. కాలేయం జబ్బుల వార్డులో ఆయాగా చేరి తల నెరిసింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. ఏ రోగి కాస్త ఎక్కువసేపు నిద్రపోయినా, "సిస్టరమ్మా, ఊపిరాడుతోందా ఒకసారి చూడండి" అంటుంది. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే, అద్దం పగిలి ఎవరి కంట్లోనో గుచ్చుకున్నంత హడావిడి చేస్తుంది. మొదట ఎవరన్నారో గాని, బెంగమ్మ అన్నారు. అదే ఖాయమైంది.

ఆ బెంగ పుట్టుకతో వచ్చింది కాదు. మొదటి బిడ్డకు ఒళ్లు కాలుతున్నరోజు, "పిల్లలన్నాక జ్వరాలు రావా" అని ఆమె పనిలోకి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. తర్వాత పుట్టిన కూతురిని అన్నం పెట్టి సగం, భయపడి సగం పెంచింది. ఇప్పుడా పిల్ల బట్టల దుకాణంలో పనిచేస్తోంది. దుకాణంలో అడుగు పెట్టేసరికి తల్లి నుంచి ఫోను రావాల్సిందే. ఇవాళా చేతులు తుడుచుకుని చేసింది.

"చేరావా?"

"చేరానమ్మా. బస్సు బోల్తా పడలేదు, డ్రైవరుకి గుండె ఆగలేదు, నా నెత్తిన ఫ్యాను ఊడిపడలేదు. పెట్టేయనా?"

"నోరు కడుక్కో! పొద్దున్నే ఆ మాటలేంటే?"

"నీ మాటలే కదా. నీకు శ్రమెందుకని నేనే అనేస్తున్నా." నవ్వుతూ పెట్టేసింది.

వార్డు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. రెండు వైపులా ఇనప మంచాలు. వాటి మీద పసుపు కళ్లు, బిగిసిన పొట్టలు, గోకి గోకి చారలు తేలిన చేతులు. కిటికీ వైపు మంచాలు పరిశోధనవి. కాలేయం చెడిపోతే, పేగుల్లో పుట్టిన విషాన్ని అది వడకట్టలేదట. ఆ విషం నెత్తురులో కలిసి తలకెక్కుతుందట. మనిషి పగలు మత్తుగా పడుకుంటాడు, రాత్రి పిశాచంలా తిరుగుతాడు, కట్టుకున్నదాన్ని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంటాడు, ఆఖరికి లేవడు. దానికి కొత్త మందు వచ్చింది. కిటికీ వైపు వాళ్లలో కొందరికి ఆ మందు, కొందరికి అచ్చం దానిలాగే ఉండే తియ్యటి నీళ్లు. ఎవరి సీసాలో ఏముందో రాసేవాళ్లకూ తెలియదు, పోసేవాళ్లకూ తెలియదు. "దేవుడికైనా చెప్పారో లేదో" అనేది బెంగమ్మ.

విషం తలకెక్కుతోందో లేదో చూడడానికి రోజూ పొద్దున ఒక పరీక్ష. కాగితం మీద ఐదు కొనల నక్షత్రం బొమ్మ ఉంటుంది. పక్కన పది అగ్గిపుల్లలు. బొమ్మ చూసి అలాగే పేర్చాలి. తల తేటగా ఉంటే పిల్లలాట. లేకపోతే పుల్లలు దారి తప్పుతాయి. వెనకటికి ఒకాయన పుల్లని నోట్లో పెట్టుకుని నమిలాడని, అప్పటినుంచి మందు తలలు గిల్లేసి ఉంచుతున్నారు. ఆ బోడి పుల్లల్ని పాత లేపనం డబ్బాలో దాచడం, పొద్దున్నే ట్రే మీద పోయడం బెంగమ్మ పని.

కిటికీ వైపు చివరి మంచం వడ్రంగి మేస్త్రిది. పెద్ద ఎముకల మనిషి. కండ కరిగి ఆ ఎముకలే మిగిలాయి, పొట్ట మాత్రం కుండలా పెరిగింది. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది, మిగతా సగం రంపం పట్టుకుపోయింది. చుక్క ముట్టనివాడు. ఎవరూ నమ్మరు.

"తాగినవాళ్లంతా హాయిగా తిరుగుతున్నారు చెల్లెమ్మా. వాళ్ల వంతు నా ఖాతాలో రాశారు" అని నవ్వేవాడు.

ఆయన దిగులు జబ్బు గురించి కాదు, తలుపు గురించి. వానలకు వీధి తలుపు ఉబ్బి మూసుకోవడం లేదని, ఊడదీసి చిత్రిక పట్టి, మళ్లీ బిగిద్దామని గోడకు ఆనించాడు. ఆరోజే పడిపోయాడు. అప్పటినుంచి ఇంటికి తలుపు లేదు. ఇంకో వడ్రంగిని పిలవనివ్వడు. ఊరందరికీ తలుపులు పెట్టినవాడి గుమ్మానికి ఇంకొకడొచ్చి తలుపు పెడితే తల ఎక్కడ పెట్టుకోవాలి అంటాడు. వాళ్లావిడ చీకటి పడగానే గుమ్మానికి అడ్డంగా బీరువా జరిపి, దాని కాళ్ల దగ్గరే పడుకుంటోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"పిల్లి దూరినా లేచి కూర్చుంటున్నా వదినా, ఎవరు బాబూ అని అడుగుతున్నా" అని మొన్న చూడడానికి వచ్చినప్పుడు ఆవిడ నవ్వింది. బెంగమ్మ నవ్వలేకపోయింది. తన ఇంట్లో గడియ వేసి, దాని కింద గొళ్లెం వేసి, కుర్చీ ఆనించి పడుకునే మనిషి ఆమె. ఆ మాట విన్న దగ్గరినుంచి కళ్లు మూస్తే చాలు, ఎవరో ఆ బీరువాను అవతలినుంచి మెల్లగా నెడుతున్నట్టే ఉంది.

నిన్న పెద్ద డాక్టరు ఆగి, "రేపు నక్షత్రం సరిగ్గా పేర్చండి మేస్త్రిగారూ, ఒక్కరోజు ఇంటికి పంపిస్తా. పేర్చలేకపోతే మాత్రం కదలడానికి లేదు" అన్నాడు.

అందుకే ఇవాళ మేస్త్రి ముందే లేచి, చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. బెంగమ్మ చూపు ఆయన కాళ్ల మీద పడింది. కుడి చెప్పు ఎడమకాలికి, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నాడు. పరుగున సిస్టరు దగ్గరికి వెళ్లింది.

"సిస్టరమ్మా, మేస్త్రి చెప్పులు తారుమారుగా వేసుకున్నాడు."

సిస్టరు సూదిలోకి మందు లాగుతూనే ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు ఆప్రాన్ తిరగేసి కట్టుకున్నావు. నీకూ ఒక మంచం వేయించనా బెంగమ్మా?"

చూసుకుంటే నిజమే. కుట్లు బయటికి ఉన్నాయి. అటు పక్క మంచం మీది ముసలాయన కూడా నవ్వాడు. రోజూ మోగే గంటకు ఎవరు తల తిప్పుతారు? బెంగమ్మ ఆప్రాన్ విప్పి సరిగ్గా కట్టుకుంది. తిరిగొచ్చి మేస్త్రి చెప్పులు తనే మార్చింది. "కంగారులో వేసుకున్నా చెల్లెమ్మా" అన్నాడాయన. కంగారేలే, అని తనకు తను చెప్పుకుంది.

చిన్న డాక్టరమ్మ వచ్చింది. మేస్త్రిని చేతులు ముందుకు చాపమంది. అరచేతులు రెండు మూడుసార్లు రెక్కల్లా ఊగాయి, విషం ఉన్నవాళ్లకు ఊగినట్టే. "నిన్నటిలాగే ఉంది" అని రాసుకుంది. బెంగమ్మ ట్రే మీద పుల్లలు పోసింది.

మేస్త్రి పేర్చసాగాడు. చెక్కని తాకి తాకి చూసే చేతులు, మిల్లీమీటరు తేడాను గోటితో పట్టే చేతులు, ఒక్కో పుల్లని ఇటుకలా బరువుగా ఎత్తుతున్నాయి. ఒక కొన కుదిరింది. రెండోది కుదిరింది. నాలుగు అయ్యాయి. చివరి రెండు పుల్లలూ చేతిలోనే ఉండిపోయాయి. వాటిని పక్కపక్కన, బయటెక్కడో, రెండు పట్టాల్లా పెట్టాడు. కాదని ఆయనకూ తెలిసింది. ఎలాగో తెలియలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడే అవతల మంచం మీద ఎవరో భళ్లున కక్కుకున్నారు. డాక్టరమ్మ అటు పరిగెత్తింది.

మేస్త్రి తలెత్తి బెంగమ్మను చూశాడు. "చెల్లెమ్మా, తలుపు..." అన్నాడు.

ఆయన అడిగింది అంతే. బెంగమ్మ రెండు భయాల మధ్య నిలబడింది. ఒకటి కళ్లెదుటే ఉంది, పసుపు కళ్లతో. రెండోది బీరువా కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుని ఉంది. ఆడదాని పక్షాన్నే మొగ్గింది మనసు. నల్లగోటితో ఒక పుల్లని ఇటు జరిపింది, ఇంకోదాన్ని అటు తిప్పింది. కొన కలిసింది. చేయి వెనక్కి తీసుకుని ఆప్రాన్ మడతలో దాచుకుంది.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ట్రే చూసి, "భేష్ మేస్త్రిగారూ! మందు మీకే పడినట్టుంది" అంది. సంతోషంగా రాసుకుంది.

ఆయన్ని తీసుకెళ్లడానికి వాళ్లావిడ సంచి పట్టుకుని వచ్చింది. వెళ్లేటప్పుడు మేస్త్రి గుమ్మం దగ్గర ఆగి, వార్డు తలుపు చట్రాన్ని సగం వేలితో నిమిరి, "చవక చెక్క" అన్నాడు. అందరూ నవ్వారు. బెంగమ్మ కూడా గట్టిగా నవ్వింది. ఇంత తేటగా మాట్లాడేవాడికి ఏమవుతుంది?

మంచం దులిపి దుప్పటి మార్చింది. పుల్లలు డబ్బాలో పోయబోయి ఆగింది. ఆయన తిరిగొచ్చేదాకా చెదరకూడదనిపించింది. ట్రేను కిటికీ గట్టు మీద పెట్టి, పైన గిన్నె బోర్లించింది. మధ్యాహ్నం రొట్టె నోట్లో పెట్టుకుంటే తవుడులా తిరిగింది. బరువైన తలుపు, ఒంటిచేత్తో ఎత్తుతాడేమో. ఆ చెప్పులు. ఆ పక్కపక్క పుల్లలు. ఎంగిలి చేయి కడుక్కుని డాక్టర్ల గదికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. చిన్న డాక్టరమ్మ ఏదో రాసుకుంటోంది.

"రా బెంగమ్మా. ఇవాళ ఎవరు చచ్చిపోతున్నారు?"

లోపలున్న మరో ఇద్దరు పకపకా నవ్వారు. చెడ్డ నవ్వేం కాదది. ఇంట్లో మనిషిని ఆటపట్టించే నవ్వు. బెంగమ్మ పెదవులు కదిలాయి. పంపించి గట్టిగా నాలుగు గంటలు కాలేదు, తలుపు బిగించుకోనీ, ఆ ఇల్లాలు ఈ ఒక్క రాత్రి గడియ వేసుకుని పడుకోనీ అనుకుంది.

"ఏం లేదమ్మా. గ్లాసులున్నాయేమో తీసుకెళ్దామని" అంది. గ్లాసులు తీసుకుని వచ్చేసింది.

పొద్దు వాలుతుండగా స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు రోజుకు ఎన్నోసార్లు వింటుంది. ఎప్పుడూ పరుగున వెళ్లి చూసే మనిషి ఈసారి మాత్రం కదల్లేదు. చేతిలో తడిబట్ట అలాగే పిండుతూ నిలబడింది. స్ట్రెచరు చివరి మంచం దగ్గరే ఆగింది. మేస్త్రి నోటి చుట్టూ, చొక్కా మీద నల్లటి నెత్తురు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, దేన్నీ చూడడం లేదు. పిలిచారు, గిచ్చారు, ముక్కులో గొట్టం వేశారు. దీపాలు వేసే వేళకు మెల్లగా గొట్టం తీసేశారు.

వాళ్లావిడ వరండా బల్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. బెంగమ్మ పక్కన కూర్చుంటే, వంకరగా ఉన్న కొంగు సర్దుకుని మాట్లాడింది.

"తలుపు బిగించాడు వదినా. నన్ను చేయి వేయనివ్వలేదు, ఒక్కడే ఎత్తాడు. మరలన్నీ బిగించాక చూస్తే, గడియ వీధివైపుంది. అదేంటయ్యా, గడియ బయటుంటే లోపల నేనెలా వేసుకోను అన్నా. నావైపు తిరిగి నవ్వాడు. ఎవరమ్మా నువ్వు అన్నాడు. తలుపుకానుకునే కూర్చున్నాడు, ఇక లేవలేదు" అంది.

జేబులో ఫోను మోగింది. కూతురు. "అమ్మా, ఇల్లు చేరా. సాయంత్రం నువ్వు చేయలేదేంటి? ఒంట్లో బాగుందా?"

"గడియ వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా."

"లోపలినుంచేనా?"

"బయటినుంచి ఎలా వేసుకుంటానే తల్లీ?" అని కూతురు నవ్వింది. బెంగమ్మ పెట్టేసింది.

వార్డులోకి వచ్చేసరికి చిన్న డాక్టరమ్మ ఖాళీ మంచం పక్కన నిలబడి పొద్దున రాసిన కాగితాన్నే చూస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున నక్షత్రం అంత బాగా పేర్చాడు బెంగమ్మా. ఎలా పంపించానో నాకే అర్థం కావడం లేదు. మందు పనిచేస్తోందనుకున్నా."

బెంగమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. గట్టు మీది ట్రేను రెండు చేతులా తెచ్చి మంచం మీద పెట్టింది. బోర్లించిన గిన్నె తీసింది. నల్లగోరు తప్పకుండా వెళ్లి ఆ పుల్లల్నే పట్టుకుంది. ఒకటి తీసింది. ఇంకోటి తీసింది. అరచేతిలో పెట్టి చాపింది.

"ఈ రెండూ నావమ్మా" అంది.

డాక్టరమ్మ ఆ చేతిని చూసింది. కాగితం మడిచి, మళ్లీ విప్పి, మెల్లగా మంచం అంచున కూలబడింది.

తెల్లటి దుప్పటి మీద, ట్రేలో, మేస్త్రి పేర్చిన ఎనిమిది పుల్లలు. నాలుగు కొనలు కుదిరి, ఒక పక్క తెరుచుకునే ఉన్నాయి.