తిరిగి రాని సీసాలు

బ్రష్షును సీసా మెడలోకి దూర్చి నాలుగు తిప్పులు తిప్పి, తొట్టిలో ముంచి తీసి, వెలుతురుకు ఎత్తి చూస్తోంది ఆమె. లోపల గోలీ గలగలమంది. శుభ్రంగా ఉంటే కుడివైపు పెట్టెలోకి, జిడ్డుంటే మళ్ళీ తొట్టిలోకి. షెడ్డు రేకుల మీదికి ఎండ రాకముందే కడగడం అయిపోయింది. ఆమెకు భయం వేసింది కూడా అందుకే. పోయిన నెలలో ఇదే పనికి నడుం పడిపోయేది. ఇప్పుడు పదహారు పెట్టెల ఖాళీలు పదకొండయ్యాయి, పదకొండు ఏడయ్యాయి.

గోలీ సోడా వ్యాపారం ప్రాణమంతా ఖాళీ సీసాలో ఉంటుంది. నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే, గ్యాసు ఎక్కడైనా గ్యాసే. సీసా మాత్రం వెళ్ళాలి, తాగాక తిరిగి రావాలి. ఆ మందపాటి సీసాలు పోసే కార్ఖానా మూతపడి మూడేళ్ళయింది. ఉన్నవాటితోనే బతకాలి. ఎండాకాలం ఇంకో నెలలో వచ్చేస్తోంది.

ఆ ఎండాకాలం మీదే ఆమె ఆశ. "ఈసారి గట్టెక్కించవే, షెడ్డూ మిషనూ నీ పేర రాసేస్తా," అని తండ్రి మాటిచ్చాడు. సోడా కొట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి వీధిలో అందరూ ఆయన్ని బుస్సయ్య అంటారు. భుజం పట్టేసి ఆయన మిషను తిప్పడం మానేసి ఆరేళ్ళు. అప్పటి నుంచి సీసాలు కడగడం, అల్లం పాకం కాచడం, గ్యాసు పట్టడం అంతా ఆమే. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని బుసకొట్టడం మాత్రం మానలేదు. "అంత నెమ్మదేంటే? సీసాకి తలంటు పోస్తున్నావా?"

ఆ బుసలో పెద్దవాటా అల్లుడిది. ఆమె భర్త, ఇల్లరికం వచ్చినవాడు. ఏడాది క్రితం, దేశదేశాల్లో కూల్‌డ్రింకులు అమ్మే పెద్ద కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు. ట్రెయినింగ్ ముగించుకొచ్చిన రోజు భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పాడు.

"మొత్తం నాలుగే విషయాలు మావయ్యా. సరుకు, ధర, చోటు, ప్రచారం. ఈ నాలుగూ కుదిరితే ఏటి ఒడ్డున నీళ్ళయినా అమ్మొచ్చు."

"నాలుగు కాళ్ళు గాడిదకీ ఉంటాయి," అన్నాడు బుస్సయ్య. "కానీ అది తిండి పెట్టినవాడికి పాఠాలు చెప్పదు."

అల్లుడు నవ్వేశాడు. ఏమన్నా నవ్వేస్తాడు. అది అతని మెత్తదనం అనుకునేది ఆమె.

రెండు నెలల క్రితం అతనే ఆమె పక్కన కూర్చుని అడిగాడు. "మన సోడా ఏ కొట్టుకి ఏ రోజు వెళ్తుందో రాసివ్వు. ఆ రోజు కంపెనీ బండి అటు పోకుండా చూస్తా. మావయ్య పొట్ట కొట్టానన్న మాట నాకొద్దు." ఆమె నలభై మూడు కొట్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసింది. ఏ కొట్టాయన కోపిష్టి, ఎవరి దగ్గర సీసాలు ఎన్నాళ్ళు ఆగిపోతాయి, అన్నీ పక్కనే రాసింది. ఆ రోజు అతనికి ఒక గరిటె కూర ఎక్కువే వడ్డించింది.

ఇప్పుడు తమ సోడా బండి తోలే మనిషిని అడిగితే, "కొట్లలో ఖాళీలే లేవంటున్నారమ్మా," అంటున్నాడు. తాగినవాళ్ళు సీసాలు మింగేశారా? ఆమె చేతులు తుడుచుకుని మలుపులో ఉన్న కొట్టుకి వెళ్ళింది.

ఆ కొట్టామెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. కొట్టు ముందు మనిషంత ఫ్రిజ్ కొత్తగా వెలిగిపోతోంది. గోడ మీద ఒకప్పుడు తండ్రి రాయించిన సోడా బొమ్మ మీద కంపెనీ బొమ్మ పడింది.

"ఖాళీలా? అవి మీ ఆయన పట్టుకుపోతున్నాడుగా!" అంది పిన్ని. "ఒక పెట్టె ఖాళీలిస్తే ఒక పెట్టె డ్రింకు ఊరికే ఇస్తున్నాడు. మామగారి షెడ్డుకే చేరుస్తున్నా అన్నాడు. బంగారంలాంటి అల్లుడు అనుకున్నా. ఏం, చేర్చట్లేదా?"

ఆమె చూపు కొత్త ఫ్రిజ్ మీద పడింది.

"ఆ ఫ్రిజ్ కూడా ఇచ్చినట్టే ఇచ్చి చంపుతున్నాడే తల్లీ. అందులో వాళ్ళ సీసా తప్ప ఇంకోటి పెట్టకూడదట. మొన్న నా పాలగిన్నె కూడా తీయించాడు. కరెంటు మాత్రం నాదే!"

ఆమె అటునుంచటే బస్సుల షెడ్డు వెనకున్న కంపెనీ గోడౌనుకు వెళ్ళింది. లోపలికి వెళ్ళాల్సిన పని కూడా లేకపోయింది. పక్క సందులోనే ఒకాయన ముఖానికి గుడ్డ కట్టుకుని, సుత్తితో ఒక్కో సీసా మెడ మీద కొడుతున్నాడు. పచ్చటి గాజు మోకాలెత్తు కుప్ప పడింది. ఆమె ఎన్నోసార్లు వెలుతురుకు ఎత్తి చూసిన గాజు. గోలీలు వేరే బకెట్టులో ఉన్నాయి.

ఆమె అలా నిలబడిపోవడం చూసి అతను దోసెడు గోలీలు తీసి చేతిలో పోశాడు. "పట్టుకెళ్ళమ్మా, మీ పిల్లలు ఆడుకుంటారు."

ఆమెకు పిల్లలు లేరు. గోలీలను కొంగులో మూటకట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి మామా అల్లుళ్ళు భోజనానికి కూర్చున్నారు. ఆమె గోలీలను కంచాల మధ్య పోసింది. ఒకటి దొర్లి అంచు దాటబోతే భర్త వేలితో ఆపాడు.

"నాన్నా, మన సీసాలు సుత్తితో పగలగొట్టిస్తున్నారు. ఈయనే. ఊళ్ళో కొట్లన్నీ తిరిగి ఏరుకొచ్చి మరీ పగలగొట్టిస్తున్నారు."

ఆమె తండ్రి ముఖం చూస్తూ ఆగింది. గాడిద అనీ కుక్క అనీ ఇన్నేళ్ళు ఊరికే తిట్టిన నోరు. ఇవాళ తిట్టడానికి కారణం దొరికింది. కంచం ఎగరాలి, ఇల్లు ఎగరాలి.

బుస్సయ్య ముద్ద నమిలి మింగాడు. "కూర్చోవే, ముందు వడ్డించు," అన్నాడు.

"నాన్నా, విన్నావా?"

"విన్నా. నాకు తెలుసు. కాగితం మీద సంతకం పెట్టి వారమైంది. షెడ్డు కంపెనీ గోడౌను అవుతుంది. డీలరు నేను. కుర్చీలో కూర్చోవడమే పని. అంతేనా అల్లుడుగారూ?"

అల్లుడుగారూ. పెళ్ళయ్యాక ఆ నోట ఆ 'గారు' రావడం అదే మొదలు.

"అంతే మావయ్యగారూ. గుమ్మం మీద మీ పేరుతో బోర్డు. ఎండాకాలమంతా డ్రింకు సగం ధరకే ఇస్తాం. గోలీ సోడా జనం మర్చిపోయాక మన ధర మనిష్టం. అల్లం రుచి కూడా కంపెనీయే తెస్తోంది. పాకం లెక్క తను ఎప్పుడో చెప్పిందిగా."

"షెడ్డు నాకిస్తానన్నావు," అంది ఆమె.

"సీసాల్లేని షెడ్డు ఏం చేసుకుంటావే? ఊయల కట్టుకుంటావా?" బుస్సయ్య కూతురి కేసి చూడకుండానే అన్నాడు. "అయినా కొట్ల లిస్టు రాసిచ్చింది ఎవరు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంట్లో దొంగ గుండ్రటి అక్షరాలతో రాసి మరీ ఇచ్చింది."

ఆ మాటకి అల్లుడు పొలమారేలా నవ్వాడు. ఈసారి మామగారూ నవ్వాడు. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం ఆమె ఎన్నడూ వినలేదు.

"వారం నుంచి తెలుసు కదా," అంది ఆమె. "మరి రోజూ పొద్దున్నే లేపి నాతో సీసాలు ఎందుకు కడిగించావు?"

"ఊరికే కూర్చుంటే నీకు తోచదు కదే," అన్నాడు తండ్రి. నిజంగా ఆమె మేలు కోరినట్టే అన్నాడు.

"పని లేకపోవడమేంటి," అన్నాడు భర్త, ఆపిన గోలీని కంచం పక్కకు నెడుతూ. "కొట్లలో ఫ్రిజ్‌లు తుడవడానికి మనిషి కావాలి. నేను చెప్తే తీసుకుంటారు. కొట్లన్నీ తనకి కంఠతానే."

"అదీ మాట! అదృష్టవంతురాలు. బోర్డు మీద నా పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాయిస్తారు అల్లుడుగారూ?"

"మూరెడు, మావయ్యగారూ."

"పక్కన కంపెనీ పేరు?"

"అది బారెడు ఉంటుంది."

"పోనీలే, పెద్దవాళ్ళు," అన్నాడు బుస్సయ్య, కంచం ముందుకు జరిపి. "కూర వెయ్యవే."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి మూత వేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

"ఎక్కడికే? ఏయ్, నిన్నే!" అన్నాడు తండ్రి. "ఎక్కడికి పోతుందిలెండి మావయ్యగారూ," అన్నాడు భర్త, గిన్నె తన వైపు లాక్కుని.

ఆమె గుమ్మం దిగి, గేటు తీసుకుని, దాన్ని మళ్ళీ వెయ్యకుండానే వెళ్ళిపోయింది.