కుందేలు బొమ్మకు అంటిన వాసన

కన్నవాళ్లు పెంచలేక వదిలేసిన పసిపిల్లలను, దత్తత కుదిరేదాకా తన ఇంట్లో ఉంచుకుని సాకడం పెద్దమ్మ పని. పిల్లల ఆఫీసువాళ్లు తెచ్చి అప్పగిస్తారు, వాళ్లే వచ్చి తీసుకెళతారు. మనసు ముడిపడకుండా చూసుకోవడంలో ఇన్నేళ్లూ ఆవిడది గట్టి గుండే. మిడతగాడి దగ్గర మాత్రం ఆ గట్టితనం నీరుగారిపోయింది.

పడుకోబెడితే చాలు, కాళ్లు ఎగరేసి తంతాడని వాడికా పేరు. పొత్తిళ్లలో వచ్చాడు. ఎంత ఏడుస్తున్నా, ఎత్తుకుని ఆవిడ మెడ దగ్గర ముక్కు ఆనిస్తే మంత్రం వేసినట్టు ఊరుకునేవాడు.

వాడిని తీసుకెళ్లేవాళ్లు దొరికారని కబురొచ్చిన రోజే పెద్దమ్మ బొమ్మల కొట్టుకు వెళ్లింది.

"బాబుకి ఎన్నో నెలండీ?" అడిగింది కొట్టులో అమ్మాయి.

"ఐదు నిండుతోంది."

"మనవడా?"

పెద్దమ్మ కాస్త తడబడి, "మావాడే" అంది.

ఆ అమ్మాయి బల్ల నిండా బొమ్మలు పరిచింది. ఎలుగుబంటికి గుండీల కళ్లు. ఊడితే తిన్నగా నోట్లోకే. పిల్లిపిల్లకు బొచ్చు రాలుతోంది. పాట పాడే ఏనుగు గొంతెత్తితే పెద్దవాళ్లే ఉలిక్కిపడేలా ఉంది. చివరికి ఒక గుడ్డ కుందేలు నచ్చింది. కళ్లు దారంతో కుట్టినవి. ఒక చెవి నున్నగా, ఇంకోటి గరుగ్గా ఉన్నాయి. పొట్ట నొక్కితే లోపల ఎండుటాకులు నలిగినట్టు చిన్న చప్పుడు. ఆవిడ దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది, కుట్లు లాగి చూసింది, ఎవరూ చూడకుండా చెవి కొసను పెదాలతో నొక్కి చూసింది.

ఇంటికి తెచ్చి, ఉతికి ఆరబెట్టి, ఆ రోజు నుంచీ దాన్ని మెడకు ఆనించుకునే పడుకుంది. వాచీలు బాగుచేసే భర్త అది చూశాడు.

"ఏమిటే ఈ పిచ్చి?"

"నా వాసన పట్టాలండీ. కొత్త చోట భయపడితే ఇదైనా తోడుంటుంది."

"వెళ్లిపోతాడని ముందే తెలుసుగా!"

"తెలిస్తే నొప్పెట్టదా?"

ఆయన దీపం ఆర్పేశాడు.

అప్పగించే రోజు ఆఫీసు గదిలో కొత్త తల్లి వాడిని నిండుకుండ మోస్తున్నట్టు బిక్కుబిక్కుమంటూ ఎత్తుకుంది. పక్కనే ఆమె భర్త సంచులు పట్టుకుని నిలబడ్డాడు. మంచివాళ్లే. కోపం తెచ్చుకోవడానికి పెద్దమ్మకు ఒక్క వంకా దొరకలేదు.

"ఏడిస్తే మెడ దగ్గర ముక్కు ఆనించమ్మా. ఈ కుందేలు మెలకువగా ఉన్నప్పుడే ఇవ్వు. నిద్రపోయాక పక్కలోంచి తీసెయ్యి."

"అలాగేనండీ. ఇంటికెళ్లగానే శుభ్రంగా ఉతికేస్తాను" అంది కొత్త తల్లి, మెప్పు పొందాలని.

ఉతకొద్దనే మాట పెద్దమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. తల్లినని వచ్చిన మనిషితో, నా వాసన నీ ఇంట్లో ఉండనీ అని ఎలా అంటుంది? మింగేసింది. మిడతగాడు ఆవిడవైపే వంగి రెండు చేతులూ చాచాడు. ఆఫీసు మేడమ్ కళ్లతోనే తలుపు చూపించింది. పెద్దమ్మ బయటికొచ్చేసింది. వాడి ఏడుపు మెట్ల కిందిదాకా వినిపించింది.

కొన్నాళ్లకు ఆ తల్లి ఫోన్ చేసింది.

"మొదట్లో గుక్కపట్టి ఏడ్చాడండీ. ఇప్పుడు నా మెడలో మొహం దాచుకుని పడుకుంటున్నాడు. మీరు చెప్పబట్టి సరిపోయింది. కుందేలునే ఎందుకో ముట్టుకోడు."

"పోనీలే అమ్మా. నువ్వున్నావుగా."

"ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టనా? ఒక్కసారి పిలవండి."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. అవతల ఎక్కడో వాడి కేరింత వినిపించింది.

"వద్దమ్మా. గొంతు విని వెతుక్కుంటాడు."

ఫోన్ పెట్టేసి, వంటింటి గట్టు పట్టుకుని, భర్త వచ్చి కూర్చోబెట్టేదాకా నిలబడే ఏడ్చింది.

తర్వాత ఆఫీసు మేడమ్ స్వయంగా ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల ఉందట, ఎత్తుకునే దిక్కు లేదట. అంతవరకూ ఏ బిడ్డనూ కాదనని పెద్దమ్మ, మేడమ్ చెప్పిందంతా తలవంచుకుని విన్నది.

"ఇప్పుడు నా వల్ల కాదండీ. ఆ పిల్లని ఎత్తుకున్నా వాడినే వెతుక్కుంటాను. పసిదానికి అన్యాయం చేసినట్టవుతుంది."

మేడమ్ బలవంతపెట్టలేదు. ఆ పాపను వేరే ఇంటికి పంపించారు.