గోడ అవతలి రోడ్డు

డెల్మర్ సైజ్‌మోర్ సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, పాంటియాక్ కారు వెనక ఇరుసుకి పట్టీ చుట్టి, దాని కొసని నేలలో దిగేసిన కొక్కేనికి తగిలించి, కిర్రుకిర్రుమని బిగించాడు. రెండోవైపూ అంతే చేశాడు. రెండు పట్టీలూ సమంగా బిగిశాయో లేదో వేలితో మీటి చూశాడు. రెండూ ఒకే శ్రుతి పలికాయి. అప్పుడు లేవబోయి ఒక మోకాలి మీద ఆగాడు. మునుపైతే ఒక్క ఊపున లేచేవాడు. ఈమధ్య లేవాలంటే మోకాలికీ నడుముకీ ముందు బేరం కుదరాలి. బంపరు పట్టుకుని నిదానంగా నిలబడ్డాడు.

కారు వెనక చక్రాలు ఇనపడోలు మీద నిలిచి ఉన్నాయి. డోలు ముప్పాతిక భాగం నేలలోనే ఉంటుంది, వీపు మాత్రం బయటికి కనిపిస్తుంది. దాన్ని డైనో అంటారు. దాని మీద బండి ఎంత వేగంగా పరిగెత్తినా అంగుళం కదలదు, కింద డోలు మాత్రం తిరుగుతుంది. ఆ బరువైన డోలుని ఎంత తొందరగా తిప్పగలిగిందో చూసి, బండి చక్రాల దగ్గర ఎంత హార్స్‌పవర్ ఉందో పక్కనున్న కంప్యూటరు చెబుతుంది. కారు మూతికి ఎదురుగా మనిషెత్తు ఫ్యాను, ఫ్యాను వెనక గోడ. రంగు వెలిసి, నూనె చారలు కట్టిన గోడ అది. డెల్మర్ ఇరవై ఏళ్ళ పైనుంచి నూరు మైళ్ళు దాటిన వేగంతో ఆ గోడ మీదికే పోతున్నాడు.

పొడుగు మనిషి. పెద్ద చెవులు, వాటిలోంచి తెల్ల వెంట్రుకలు. ఏ బూట్లు కొన్నా కుడి బూటు అడుగు ముందు అరిగిపోతుంది. వాళ్ళ నాన్న కెంటకీ కొండల్లో బొగ్గుగనిలో పనిచేసి, ఆ గని మూతపడ్డాక ఇంటిల్లిపాదినీ ట్రక్కులో వేసుకుని ఈ ఒహాయో ఊరికి వచ్చాడు. డెల్మర్‌కి అప్పుడు నడక వచ్చింది గానీ మాట రాలేదట. ఆ తర్వాత కూడా పెద్దగా రాలేదని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. అతని గురించి చెప్పమంటే "మంచోడే" అంటారు, అక్కడితో ఆగిపోతారు. అంతకుమించి చెప్పడానికి అతను ఎవరికీ అవకాశం ఇవ్వలేదు.

పోయినవారం ఒక ట్రక్కుని పరుగెత్తించాక సీట్లోంచి లేవలేకపోయాడు. ఈ బండ్ల రిపేరు దుకాణం యజమాని లానీ అతన్ని డాక్టరు దగ్గరికి మోసుకుపోయినంత పని చేశాడు. లానీ డెల్మర్ భార్య ఓపల్‌కి అక్క కొడుకు. గుండె బలహీనపడిందనీ, ఆ వేడి, ఆ అదురు, ఆ హోరు ఇక పనికిరావనీ డాక్టరు చెప్పాడు. సోమవారం నుంచి డైనో మీదికి కొత్తమనిషి వస్తాడు. డెల్మర్ కౌంటరు దగ్గర కూర్చుని ఫోనెత్తాలి. ఆ మాట చెప్పడానికి లానీ రెండురోజులు మథనపడ్డాడు. డెల్మర్ సరే అన్నాడు. సరే అనడం అతనికి ముందునుంచీ బాగా వచ్చిన పని.

ఈరోజు శుక్రవారం. ఇదే అతని ఆఖరి కారు.

కారు మెర్లీన్‌ది. రెండు వీధుల అవతల ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. యాభై దాటిన పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో ఒకవైపు జుట్టు రంగు, ఇంకోవైపు ఇంజను మడ్డి. ఈ రకం పాంటియాక్‌ని ఇక్కడ అందరూ మేక అని పిలుస్తారు. ఒక రైతు కొట్టంలో వెనకసీట్లో కోళ్ళు గుడ్లు పెడుతుండగా దీన్ని ఆమె కనిపెట్టి తెచ్చుకుంది. ఎన్నో చలికాలాలు దాని కిందే పడుకుని బాగుచేసుకుంది. ఇంజను తనే విప్పి తనే బిగించింది. అయినా చెల్లెలి మొగుడు క్లీటస్ ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి పదిమందిలో అననే అన్నాడు, మేకలో గుర్రాలెక్కడివి వదినా, వెతికితే కోళ్ళుంటాయేమో అని. చక్రాల దగ్గర మూడొందల గుర్రాల బలం చూపిస్తే తన టోపీ కొరుక్కు తింటానని పందెం కూడా కట్టాడు.

"ఉప్పూ మిరియాలూ కూడా సంచిలో పెట్టుకొచ్చా" అంది మెర్లీన్.

డెల్మర్ నవ్వి కార్లో కూర్చున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. ఆ అద్దంలో వెనక గోడ తప్ప ఏమీ కనిపించదు. అయినా రోడ్డెక్కేముందు అద్దం చూసుకోవాలి కదా.

రోడ్డు సంగతి ఎవరికీ తెలియదు. దుకాణం ముందు నుంచి పోయే యాభయ్యో నంబరు రోడ్డు పడమరగా ఇండియానా, ఇల్లినాయ్ దాటి, కాన్సాస్ దాటి, కొండలూ ఎడారులూ దాటి కాలిఫోర్నియా దాకా పోతుంది. ఓపల్‌కి సముద్రం చూడాలని ఉండేది. ఏ ఏటికాయేడు ఏదో ఒకటి అడ్డుపడేది. ఒకసారి కప్పు కారింది, ఒకసారి ఆమె తల్లి మంచాన పడింది, తర్వాత ఓపలే పడింది. ఆమె ఊపిరితిత్తులు ప్రయాణానికి పనికిరావని తేలిన సాయంత్రం, చిక్కుడుగింజల పులుసులో మొక్కజొన్న రొట్టె నంచుకు తింటూ డెల్మర్ అన్నాడు, ఇవాళ ఒక మస్టాంగు కారు మీద పావుమైలు పోయాను, మన రోడ్డు మీదే అనుకో, అని. ఓపల్ చెంచా పళ్ళెంలో పెట్టి, అయితే ఎక్కడిదాకా వచ్చాం, అని అడిగింది.

అలా మొదలైంది. డైనో మీద ఒక్కో పరుగూ పావుమైలు వస్తుంది. ఒక బండి పరుగు ఆగినచోట ఇంకో బండి పరుగు మొదలవుతుంది. ఒక బండికి మూడు పరుగులు ఆనవాయితీ. వారానికి రెండో మూడో బండ్లు. పొద్దున్నే హోటల్లో కాఫీ తాగే లారీ డ్రైవర్ల పక్కన కూర్చుని, ముందు ఏ ఊరొస్తుంది, వంతెన రాయిదా ఇనుపదా, ఎడమపక్క చెట్లేవి అని మెల్లగా అడిగి తెలుసుకునేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళి చూసినట్టే చెప్పేవాడు. కాన్సాస్ దాటడానికి ఏళ్ళు పట్టింది. నెవాడా ఎడారి నడిమధ్య ఓపల్ పోయింది. సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చిన మర్నాడు దుకాణానికి ఒక కామరో కారు వచ్చింది. డెల్మర్ అందులో కూర్చుని, ఆమె పోయినచోటు నుంచే రోడ్డు అందుకున్నాడు. పక్కసీటు ఖాళీగా ఉందని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు సముద్రం ముప్పావు మైలు దూరంలో ఉంది. మూడు పరుగుల దూరం.

లానీ కంప్యూటరు దగ్గర నుంచి బొటనవేలు చూపించాడు. డెల్మర్ ఒక్కొక్క గేరే మార్చుకుంటూ నాలుగో గేరుకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, కుడికాలు నేలదాకా తొక్కేశాడు. మేక వెనక్కి కుంగింది. పట్టీలు మూలిగాయి. హోరు ముందు ఛాతీలో పుట్టి తర్వాత చెవులకి చేరింది. గోడ మీద చారలు వణికాయి, కరిగాయి, ఎండుగడ్డి కొండలయ్యాయి. గడ్డి తేనెరంగులో ఉంది. మలుపు లోపల నల్ల ఆవులు ఒకే దిక్కుకి తలలు పెట్టి నిలబడ్డాయి. దిగుడు మొదలైంది. తర్వాత కాలు తీశాడు. కొండలు గోడలోకి ఇంకిపోయాయి.

రెండొందల తొంభై నాలుగు, అన్నాడు లానీ.

మెర్లీన్ ఇంజను మూత ఎత్తి, పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఒక్క పిసరు ముందుగా పడేట్టు తిప్పి, బిగించి, కొంగులాంటి గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఇంజను దగ్గర పుట్టిన బలమంతా చక్రాల దాకా రాదని ఆమెకి తెలియనిది కాదు. కాలవ నీళ్ళు చివరిచేనుకి చేరేలోపు దారిలో ప్రతివాడూ తన వాటా మళ్ళించుకున్నట్టే, గేర్లూ ఇరుసులూ తినేది తింటాయి. తెలిసినా ఆమె మొహం చిన్నబోయింది.

రెండో పరుగులో పొగమంచు పడుతోంది. పొడుగాటి నీలగిరి చెట్లు రోడ్డుకి రెండువైపులా బెరడు రాలుస్తూ నిలబడ్డాయి. గాలి తడిగా ఉంది, నాలుక మీద ఉప్పగా తగిలింది. రేడియేటరు ఆవిరి అలా ఉండదని డెల్మర్‌కి తెలుసు. రోడ్డు కుడికి తిరగబోతూ ఉండగా కాలు తీయాల్సి వచ్చింది.

మూడొందల పన్నెండు.

మెర్లీన్ పక్కనున్న పాత టైరు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి క్లీటస్‌కి ఫోన్ చేసింది. ఏ టోపీ తింటావో ఎంచుకో, ఉతికి పెట్టమని చెల్లికి చెబుతా అంది. తర్వాత లేచి, ఇక చాలు, మూడోది వద్దు, దాన్ని ఇంకా ఏడిపించడమెందుకు అని లానీతో చెప్పింది. లానీ పట్టీ విప్పడానికి వంగాడు.

డెల్మర్ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"బాబాయ్, ఆవిడ చాలంటోంది. ఇక దిగు" అన్నాడు లానీ. "ఫోనుకి గేర్లుండవులే, సోమవారం గురించి బెంగపడకు."

డెల్మర్ గోడనే చూస్తున్నాడు. దాన్ని దాటి ఒక మలుపు ఉంది. సోమవారం వచ్చే మనిషికి ఆ మలుపు కనిపించదు. అతను గోడని చూస్తూ గోడమీదికే పోతాడు. జీతం పెంచమని డెల్మర్ ఎన్నడూ అడగలేదు. భోజనాల్లో రెండోసారి వడ్డించమని కూడా అడిగి ఎరగడు. నోరు తెరిచాడు, మూశాడు. మెర్లీన్ అది చూసి కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏంటి బ్రదర్ డెల్మర్, నా మేక మీద మోజు పడ్డావా?"

"ఇంకొక్క పరుగు కావాలి."

"దేనికి? అంకె వచ్చేసిందిగా."

"కారుక్కాదు" అన్నాడు డెల్మర్. కాసేపటికి, "నాకు" అన్నాడు.

మెర్లీన్ అతన్ని పరకాయించి చూసింది. మొహంలో వేళాకోళం మెల్లగా తగ్గిపోయింది.

"ఎక్కడిదాకా వచ్చారు?" అంది.

డెల్మర్ ఉలిక్కిపడి చూశాడు. మెర్లీన్ గొంతు తగ్గించి, లానీకి వినపడకుండా చెప్పింది. ఓపల్ ప్రతి పదిహేను రోజులకీ జుట్టు కడిగించుకోడానికి వచ్చేది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని చెప్పేది. కాన్సాస్‌లో గోధుమచేలు మొహం మొత్తాయని ఒకసారి, కొలరాడో కొండల్లో చలికి డెల్మర్ కోటు కప్పాడని ఒకసారి.

"మీరిద్దరూ శనాదివారాలు నిజంగానే తిరుగుతున్నారనుకున్నా. మరి మీ పికప్ ఎప్పుడూ ఇంటిముందే ఉంటుందేంటి అని ఒకరోజు అడిగితే, సబ్బునురగతో సహా లేచి కూర్చుని నవ్వింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత గోడకేసి గడ్డంతో చూపించాడు.

"సముద్రం దాకా వచ్చాం. ఆ మలుపు అవతలే."

మెర్లీన్ కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క తలుపు తీసింది. పరుగు నడుస్తుండగా పక్కసీట్లో ఎవరూ కూర్చోకూడదని లానీ నొచ్చుకుంటూనే చెప్పాడు. బాబాయి గుండె సంగతి ఎత్తాడు. డాక్టరు మాట ఎత్తాడు. రెండూ విని డెల్మర్ సరే అనలేదు. అతను సరే అనకపోవడం లానీ ఎరగడు. ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు.

"నా కారు, నా సీటు" అంటూ మెర్లీన్ కూర్చుని తలుపేసుకుంది. "పట్టీ మళ్ళీ బిగించు లానీ."

ఈసారి డెల్మర్ తొందరపడలేదు. హోరు తగలకుండా పెట్టుకునే స్పాంజి బిరడాలు వేళ్ళతో నలిపి రెండు చెవుల్లోనూ దూర్చుకున్నాడు. ఒకటో గేరు, రెండో గేరు, మూడు, నాలుగు. కాలు నేలకి తాకింది. మేక అరిచింది. గోడ తెరలా పక్కకి జరిగింది. మంచులోంచి రోడ్డు కుడికి తిరిగింది, అతనూ తిరిగాడు, స్టీరింగు కదలకుండానే. చెట్లు వెనకబడ్డాయి. మలుపు చివర్లో కొండ ఒక్కసారిగా దారి వదిలింది. ముందు అది ఆకాశమేననుకున్నాడు. కానీ ఆకాశం అలా ముడతలు పడదు. దూరంగా మొదలై, చీరకుచ్చిళ్ళలా ఒకదాని వెనక ఒకటిగా, ఎవరో నిదానంగా మడిచి సర్దుతున్నట్టుగా అలలు వస్తున్నాయి. వెలుగు వాటి వెన్నుల మీద విరిగి చెదురుతోంది. రోడ్డు దిగి దిగి ఇసకలోకి పోయి, అక్కడ తన పని అయిపోయినట్టు ఆగిపోయింది. పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆయాసం లేని, నిండు ఊపిరి.

డెల్మర్ కాలు తీసి, గేరు జారవిడిచాడు. చక్రాల కింద డోలు తన బరువుకి తనే తిరుగుతూ, తిరుగుతూ, నెమ్మదించి నిలిచింది. తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు. కుడిచెవిలోని పసుపుపచ్చ స్పాంజి బిరడా తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మూడొందల తొమ్మిది అని లానీ అవతల్నుంచి చెప్పాడు.

"కనపడిందా?" అంది మెర్లీన్, గోడవైపే చూస్తూ.

డెల్మర్ పలకలేదు. తల కొద్దిగా సీటుకి ఆనించి, రెప్ప వేయకుండా ముందుకే చూస్తున్నాడు. అన్నేళ్ళు ప్రయాణం చేసి వచ్చిన మనిషిని తొందరపెట్టకూడదని మెర్లీన్ మళ్ళీ అడగలేదు. లానీ వచ్చి కిటికీలోంచి "బాబాయ్" అన్నాడు. భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. మెర్లీన్ అప్పుడు పక్కకి తిరిగి చూసింది.

డాష్‌బోర్డు మీద, చెవిలో నలిగి సన్నబడ్డ స్పాంజి బిరడా ఇంకా మెల్లమెల్లగా ఉబ్బుతూ, తన ఆకారానికి తను వస్తోంది.