గేటు దగ్గర టర్కీ సూప్

మా టైర్ల ఫ్యాక్టరీలో సమ్మెకు నెల నిండింది. థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు పొద్దున్నే, మాతో పనిచేసే వెల్డా తన ఇంట్లో పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ఎముకల్ని, క్యారెట్, ఉల్లిపాయ ముక్కల్ని రోజంతా సన్నసెగన ఉడికించే స్లోకుక్కర్లో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి ధర్నాకు వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లి, ఆ సూప్ తెచ్చి గేటు ముందు అందరికీ పోసింది.

మేనేజర్ బ్రెన్నన్ బయటికొచ్చి నవ్వాడు. "ఎన్నాళ్లమ్మా ఈ ఎముకలు నాకడం? లోపలికొచ్చి పని చేసుకోండి."

"ఇవి పొద్దుటి నుంచే ఉడికాయి బాబూ. మేం నెల నుంచి ఉడుకుతున్నాం," అంది వెల్డా. "మీరు పనిలోంచి తీసేసిన పన్నెండుమందినీ తిరిగి పిలిచేదాకా రాం. నీకూ ఓ గిన్నె పొయ్యనా?"

అతను లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు ముగ్గురం మా ఇళ్లలో మిగిలిన టర్కీ ఎముకలు తెచ్చి, మళ్లీ సూప్ కాయమని ఆమె చేతికిచ్చాం.