గ్యుమ్రిలో గవరమ్మ చేపలు

అండమాన్ దీవుల్లోని వండూర్‌లో ఏ పడవ మీద చేప బొమ్మ కనబడినా అది గవరమ్మ వేసిందే. పొద్దున్నే పడవలు కదిలే ముందు ఆవిడ చెంబుతో సముద్రపు నీళ్ళు తెచ్చి ఆ బొమ్మల మీద చిలకరిస్తుంది. అవి నోళ్ళు తెరిచి తాగి, తోకలాడించి, మళ్ళీ రంగులో కుదురుకుంటాయి. ఆవిడ చేతి నీళ్ళో, మనవరాలు పద్మిని చేతి నీళ్ళో అయితేనే తాగుతాయి. ఆ చెయ్యి రాకపోతే ఉప్పు వాసన పట్టుకుని ఎక్కడికైనా పోతాయి. ఊళ్ళో అందరికీ తెలిసిందే కనక ఆ ఇంటి ఆడవాళ్ళతో ఎవరూ గొడవ పెట్టుకోరు.

రిసార్టు చంద్రమౌళి పాత పడవ చెక్కలు తెచ్చి, "అత్తా, వీటి మీద కూడా చేపలు వెయ్యవా?" అని అడిగినప్పుడు ఆవిడ వేసింది. రోజూ రిసార్టుకి వెళ్ళి వాటికీ నీళ్ళు చిలకరించింది. కింద తన పేరు రాయమన్నాడు. పడవ మీద ఉండేది యజమాని పేరే కదా! రంగు వేసినవాళ్ళ పేరు ఎవరు రాసుకుంటారు? ఎర్రరంగుతో, సున్నా గుండ్రంగా తిప్పి, తన చేత్తో తానే 'చంద్రమౌళి' అని ముచ్చటగా రాసిచ్చింది.

పద్మిని ఫోన్లో చూపిస్తే గానీ సంగతి తెలియలేదు. ఆర్మేనియాలో గ్యుమ్రి అనే పాత నగరమట, కళలకి పెట్టింది పేరట. అక్కడి ప్రదర్శనకి 'ద్వీపాల చిత్రకారుడు చంద్రమౌళి' వెళ్తున్నాడట. అతని ఫోటో పక్కన ఆవిడ చేపలు.

"ఇయి నానేసినవే!" అంది గవరమ్మ. ఒళ్ళు భగ్గుమంది. ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు చంద్రమౌళే వచ్చాడు. "అత్తా, నీళ్ళు చల్లడానికి నువ్వు కూడా రావాలి. స్వెట్టరు కొనిపెడతాను. అక్కడ ఎవరైనా అడిగితే పనిమనిషినని చెప్పు, బస్."

"ఠీక్ హై బాబూ, వొస్తాను," అంది గవరమ్మ. పడవలు పద్మినికి అప్పజెప్పి, క్యాను నిండా సముద్రపు నీళ్ళు పట్టుకుని బయల్దేరింది.

గ్యుమ్రి ఆవిడకి నచ్చింది, అబద్ధమెందుకు! నల్లరాతి ఇళ్ళు, చెక్క బాల్కనీలు, ఇనుమును పువ్వుల్లా వంచే కమ్మరులు. ఒకనాడు భూకంపానికి కూలిన ఊరిని అక్కడివాళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు. ప్రదర్శన నడిపే హస్మిక్ అనే ఆవిడ గవరమ్మ చెయ్యి పట్టుకుని వీధులన్నీ తిప్పింది. తన ఇంటి చెక్కిన తలుపు చూపించి, అది చెక్కిన ముత్తాత పేరేమిటో ఫోన్లో తర్జుమా చేసి మరీ వినిపించింది. ఎప్పుడో పోయిన మనిషి పేరు ఇంకా తలుచుకుంటున్నారు. బతికున్న తన పేరు మాత్రం వీడు మింగేశాడు!

గవరమ్మ గదికొచ్చి క్యానులో నీళ్ళన్నీ వేడి చేయించి, బకెట్లో పోయించుకుని, నొప్పెట్టిన కాళ్ళు అందులో పెట్టుకుని హాయిగా కూర్చుంది. చుక్క మిగల్చలేదు.

మర్నాడు పొద్దున్న నీళ్ళు చల్లలేదు. సాయంత్రం చంద్రమౌళి కోటు వేసుకుని, దీపాల కింద నిలబడి తన కళ గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. వేడికి చెమటలు కారుతున్నాయి. దాహంతో ఉన్న చేపలకి ఉప్పు వాసన తగిలింది. ముందు ఒక పండుగప్ప చెక్క మీంచి జారి అతని మెడ మీదికెక్కి, అక్కడ బొమ్మై కుదురుకుంది. వెనకే వంజరాలు, సొరచేప. కాసేపటికి చెక్కల మీద అతని పేరు తప్ప ఏమీ మిగల్లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెక్కలు వదిలి అతని చుట్టూ చేరారు. వీపు మీదివి కూడా కనబడాలని హస్మిక్ మర్యాదగా అతని కోటు, చొక్కా విప్పించింది. ఒంటి మీద చెమట ఆరిపోయింది.

"అత్తా, కొరుకుతున్నాయి! నీళ్ళు చల్లు!"

"నీల్లెక్కడియి? కాల్లు కడుక్కున్నాను."

"మరి నా గతేంటి?"

"సెమట తగిలితే కొరకవు. ఉరుకు."

"ఎంతసేపు?"

"సముద్రం దాకా. ఆపైన రోజూ పొద్దున్నే నా గుమ్మం కాడ నిలబడు, సల్లుతాను. అయి నీ ఒంటికి మరిగీసినాయి, ఇంక దిగవు."

ఇక్కణ్ణుంచి పారిస్ వెళ్ళాలనుకున్నవాడు, గవరమ్మ గుమ్మం వదిలి ఒక్క రోజు ఉండలేని మనిషయ్యాడు. ఆ చలిలో, చొక్కా లేకుండా, ఊరి నడుమ కూడలి చుట్టూ పరుగు మొదలెట్టాడు. గవరమ్మ బెంచీ మీద కూర్చుని, హస్మిక్ తెచ్చిన వేడి రొట్టె తుంచుకుని తింటోంది. కడుపులో మంట చల్లబడుతోంది. జనం మూగారు. ఆ చేపలు ఎవరు వేశారని హస్మిక్ ఫోన్లో తర్జుమా చేసి గవరమ్మని అడిగింది.

చంద్రమౌళి రొప్పుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఎవులేసినారో అడుగుతున్నాది. సెప్పరా."

"గవరమ్మ," అన్నాడు తలొంచుకుని.

"ఆ సివరోల్లకి ఇనబడ్నేదు."

"గవరమ్మ!" అని కూడలి దద్దరిల్లేలా అరిచాడు.

"ఇంకో సుట్టు," అంది గవరమ్మ.