పిన్ని నిమిషం

ఆ కిటికీలకు దుప్పట్లు ఇంత బిగించి కట్టకపోయినా బాగుండేది, ఏ సందులోంచో ఎండ పడి తెర వెలిసిపోతే ఎవరో ఒకరు ఆపండమ్మా ఏమీ కనబడటం లేదు అనేవారు, కానీ కట్టింది నేనే, ఈ లాండ్రీవాళ్ళ దగ్గరే అడిగి తీసుకున్న తెల్లటి హోటల్ దుప్పట్లు, గంజి వాసన, గాలి ఆడటం లేదు, నా వెనక గోడ, ముందు ప్రొజెక్టరు పెట్టిన బల్ల, పక్కన లేబర్ ఆఫీసరు గారు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నారు, ఆయన్ని లేపకుండా నేను కదలలేను, కదిలి మాత్రం ఏం చేస్తాను, నేను లేకపోయినా సినిమా ఆడుతుంది, ఇంకో తొమ్మిది నిమిషాల్లో తెర మీదికి పిన్ని వస్తుంది, పిన్ని మాత్రం ఇక్కడే ఉంది, రెండో వరసలో, ఈ లాండ్రీలో తనతో పనిచేసే ఆడవాళ్ళ మధ్య, మా పిల్ల తీసిన సినిమా అని పొద్దుటినుంచీ అందరికీ చెబుతోందట, నేను తీయలేదు పిన్నీ ఎడిటింగే నాది అంటే, కత్తిరించి కుట్టేదానివేగా, అయితే నీదే అంది, అమ్మ పోయాక ఈ ఆవిర్లో నిలబడి పనిచేసి నన్ను చదివించింది, ఆమెతో వాదించి ఎవరు గెలిచారు కనక.

తెర నిండా ఇత్తడి బిళ్ళ, అందరూ గొల్లున నవ్వారు, వాళ్ళకు తెలియని బిళ్ళా అది, సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది, బాత్రూమ్‌కు పోవాలంటే అది తీసుకుని పోవాలి, నలభై మందికి ఒక్కటే, మేకుకు లేదంటే ఎవరో వెళ్ళారని, వాళ్ళొచ్చేదాకా ఆగాలి, అందుకే ఇక్కడ ఎవరూ నీళ్ళు తాగరు, తలుపు దగ్గర మేడమ్ చేతులు కట్టుకుని ఆ నవ్వులు వింటున్నారు, కార్మికుల మీద సినిమాలు తీసే మా సంస్థ పెట్టినావిడ, ఆవిడ లెక్కలో సినిమా సగమే, మిగతా సగం లైట్లు వేశాక మాట్లాడుకోవడం, ఎవరేం చేస్తారో చెప్పించి రాసుకుంటే గానీ ఒక్కర్నీ తలుపు దాటనివ్వరు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో మా సినిమా వేశాక కుర్చీలు అలాగే వచ్చాయి, ఏళ్ళ తరబడి నిలబడి ప్యాకింగ్ చేసినవాళ్ళు కూర్చుని చేస్తున్నారు, నా కళ్ళతో చూశాను, సినిమాతో ఏమవుతుందండీ అనేవాళ్ళను చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించాలనిపిస్తుంది, అంత నమ్మకం నాకు, ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

ఎందుకంటే మాకో పద్ధతి ఉంది, తెర మీద కనబడే ప్రతి మనిషికీ సినిమా ముందే చూపించాలి, ఈ ముక్క వద్దంటే తీసేయాలి, ఎందుకని అడగకూడదు, పదముగ్గురు వచ్చి చూసుకున్నారు, ఒకావిడ నేను ఆవలించింది తీసెయ్యమ్మా అంటే మారు మాట్లాడకుండా తీసేశాను, ఆ రోజు పిన్నికి డ్యూటీ, మీ పిన్ని చూసిందా అన్నారు మేడమ్, మా పిన్నే కదా మేడమ్, ఇంట్లో చూపిస్తాను అన్నాను, చూపించలేదు, నీ మాటలు కూడా పెట్టాను పిన్నీ అన్నాను, ఏ మాటలో చెప్పలేదు, పెట్టుకోవే, నా మాటలేమన్నా ముత్యాలా అంది, నేను దాన్నే ఒప్పుకున్నట్టు రాసుకున్నాను, తీరిక లేక కాదు, చూపిస్తే వద్దంటుందని తెలిసి.

ఇంకా నాలుగు నిమిషాలు, పిన్ని ఆ మాటలు చెప్పింది షూటింగ్‌లో కూడా కాదు, కొత్త మైకు ఎలా ఉందో చూద్దామని వంటింట్లో కెమెరా పెట్టాను, పిన్ని గిన్నెలు తుడుస్తోంది, కెమెరా ఆడుతోందని తెలుసు, తెలిసీ మర్చిపోయింది, మాకు కావలసింది ఎప్పుడూ ఆ మర్చిపోవడమే, ఉన్నట్టుండి తనే మొదలుపెట్టింది, ఒకరోజు బిళ్ళ మేకుకు లేదే, ఎంతసేపని ఆగను, నిలబడ్డచోటే అయిపోయింది, ఎవరన్నా చూస్తారేమోనని టబ్బులో నీళ్ళు ముంచి నామీద నేనే కుమ్మరించుకున్నాను, కాలు జారిందని చెప్పాను, అందరూ ఒకటే నవ్వడం, నేనూ నవ్వాను అంది, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ, ఆ నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆమెకు అటూ ఇటూ కూర్చున్నారు, అప్పట్నుంచీ ఆమెను జారుడుబండ అని పిలుస్తారు, నాలుగేళ్ళుగా ఆ పేరుకు పలుకుతోంది, అసలు సంగతి బయటపడటం కంటే అదే నయమని, మా ఆఫీసులో దీనికి పిన్ని నిమిషం అని పేరు పెట్టారు, చూసి మేడమ్ కళ్ళు తుడుచుకున్నారు, ఈ నిమిషంతో ఆ బిళ్ళ ఊడుతుంది చూడు అన్నారు, ఊడుతుందేమో, నిజంగానే ఊడుతుందేమో, ఈ ఆఫీసరు కాళ్ళు ముడుచుకుని నిటారుగా కూర్చుంటారేమో, నలభై మంది కడుపునిండా నీళ్ళు తాగుతారు, ఒక్క మనిషి సిగ్గు ఎంతని, ఛీ, ఏం మాటలివి, ఎవరి నోట వినుంటే వాళ్ళ మీద ఇంతెత్తున లేచేదాన్ని.

తెర మీద మా వంటింటి గూడు, పిన్ని ముందుకు వంగి, అరె, మా ఇల్లు అంది గట్టిగా, సంబరంగా, జారుడుబండా నువ్వూ హీరోయినే అన్నారెవరో, నవ్వులు, తెర మీద పిన్ని గిన్నె అందుకుంది, నోరు తెరవబోతోంది, ప్రొజెక్టరు బటన్ మీద నా వేలు పడింది, తెర నల్లబడిపోయింది, కరెంటు పోయిందా అన్నారెవరో, సూపర్‌వైజర్ హమ్మయ్య అన్నట్టు లేచాడు, మేడమ్ వరసలు దాటుకుంటూ నాకేసి వస్తున్నారు, ఏం చెప్పను ఆవిడకు, ఆఫీసరు వాచీ చూసుకుంటున్నారు, నా వీపు గోడకు ఆనిపోయింది, ఇంక వెనక్కి జరగడానికి లేదు, పిన్ని ఒక్కతే కంగారు పడలేదు, చీకట్లో నావైపు తిరిగి, ఉండండమ్మా, మా పిల్ల ఉందిగా, చూసుకుంటుంది అంది అందరితో, అప్పుడు, అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు, వంటింట్లో ఆ మాట పిన్ని సినిమాకు చెప్పలేదు, నాకు చెప్పింది.