పిచ్చుకల మూల

"కోతమిషన్‌ నీ పిచ్చుకల కోసం ఆగదమ్మా," అని కొడుకు ప్రసాద్ పొద్దుటినుంచీ సణుగుతూనే ఉన్నాడు.

"ఆగకపోతే పోనీరా. ఆ మూల మాత్రం నేను కొడవలితోనే కోస్తాను," అంది నాంచారమ్మ.

ఏటా చేలో ఆ మూల వరి కోసి, కంకులు కుచ్చుగా అల్లి, పిచ్చుకలు తినడానికి వసారాలో వేలాడదీయడం ఆమె అత్తగారి నాటి అలవాటు. మిషన్‌ కోస్తే గింజలు వేరైపోయి ఉత్త గడ్డే మిగులుతుంది, అది కుచ్చుకి పనికిరాదు.

కుచ్చు కట్టిన మర్నాడే గింజలు రాలుతున్న చప్పుడైతే, ఆశగా పరుగెత్తుకొచ్చింది. గోరింకలు!

"అవీ పిట్టలేగా అత్తయ్యా," అంది కోడలు కుమారి.

"గోరింకకేం అమ్మాయ్! అవనిగడ్డ బస్టాండులో ఇడ్లీముక్కలు ఏరుకునైనా బతుకుతుంది. పిచ్చుకకి మన ఇంటి చూరే కావాలి."

ఆ చూరు ఇప్పుడు లేదు. నిరుడు పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దూలాల సందుల్లో గూళ్ళు కనిపిస్తే, మళ్ళీ కట్టుకుంటాయిలే అనుకున్నారు ఇంటిల్లిపాదీ. కొత్త డాబాకి వేలు దూరే సందు కూడా లేదు.

నెల తిరిగేసరికి గోరింకలు కుచ్చంతా ఊడ్చేశాయి. ఒక్క పిచ్చుకా వాలలేదు.

ఆ పూట అందరికీ అన్నం వడ్డిస్తూ నాంచారమ్మ మెల్లగా చెప్పింది: "వచ్చే ఏడు ఆ మూల కూడా మిషన్‌తోనే కోయించెయ్యండి."